పాఠకుల ప్రశ్నలు: పలుచనైనా కేంద్రక పదార్థమే

ప్రశ్న: నక్షత్రాల విస్ఫోటనంపై వచ్చిన ఒక వ్యాసంలో ‘పలుచని కేంద్రక పదార్థం’ అన్న మాట చూశాను. కేంద్రకమంత చిక్కనిది పలుచన ఎలా అవుతుంది? అంత వేడిలో అది మామూలు వాయువులాగే ప్రవర్తించదా?
— ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: కేంద్రకంతో పోల్చి చూసినప్పుడే అది పలుచన. పరమాణు కేంద్రకంలోని పదార్థం ఘనసెంటీమీటరుకు సుమారు 27 కోట్ల టన్నులు తూగుతుంది. కూలిపోయిన నక్షత్ర గర్భం చుట్టూ, న్యూట్రినోలు (దేనికీ అంత తేలిగ్గా తగలని, విద్యుదావేశం లేని అతి తేలికైన కణాలు) ఆఖరుసారి కణాలకు తగిలి బయటపడే పొరలో ఇది లక్ష నుంచి 10 లక్షల టన్నుల దాకా ఉంటుంది. చాయ్‌లో చక్కెర కలిపే చెంచాడు తీసినా లక్షల టన్నులే!

ఇక వాయువు సంగతి. చలికాలం తెల్లవారుజామున హుస్సేన్‌సాగర్ మీద కంటికి కనబడని ఆవిరి చల్లబడి సన్నని నీటి బిందువులై మంచుపొగగా కమ్ముకుంటుంది. ఆ పొరలోనూ, ఉష్ణోగ్రత 5,000 కోట్ల కెల్విన్‌ల ప్రాంతంలో ఉన్నా, న్యూట్రాన్లు, ప్రోటాన్లలో కొన్ని జతకట్టి డ్యుటెరాన్లుగా (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్), ఆల్ఫా కణాలుగా (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు) మారతాయి. వాయువు పీడనం కణాల సంఖ్యను బట్టి ఉంటుంది కనుక, నాలుగు కణాలు కలిసి ఒక్క ఆల్ఫా అయినచోట పీడనం ఆ మేరకు తగ్గుతుంది; బంధనం వల్ల 28.3 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది. జతకట్టని కణాల మధ్య ఆకర్షణకు కూడా లెక్క కట్టాలి. ఆ సవరణను, రెండు కణాలు ఢీకొని చెదిరే తీరును కొలిచిన ప్రయోగశాల ఫలితాల నుంచే రాబట్టవచ్చునని 1937లో భౌతిక శాస్త్రవేత్తలు బెత్, ఉలెన్‌బెక్ చూపారు. నక్షత్రపు లోపలి స్థితిని భూమి మీది కొలతలతో లెక్కగట్టే ఈ ఉపాయం నాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది.

అయితే మంచుపొగ పోలిక ఇక్కడితో సరి. ఆవిరి చిక్కబడేకొద్దీ బిందువులు పెరుగుతాయి. ఇక్కడ మాత్రం సాంద్రత కేంద్రక సాంద్రతలో పదో వంతుకు చేరువయ్యేసరికి ఆల్ఫాలు కరిగిపోవడం మొదలవుతుంది. చుట్టూ ఉన్న న్యూట్రాన్లు, ప్రోటాన్లు అప్పటికే ఆక్రమించిన స్థితుల్లోకి మరొకటి చేరడానికి పౌలీ వర్జన నియమం ఒప్పుకోదు కాబట్టి, బంధనం నిలవడానికి చోటు మిగలదు.

విడి న్యూట్రాన్ ఎలక్ట్రాన్ న్యూట్రినోను సులువుగా మింగుతుంది, ఆల్ఫాలో బందీ అయినది అంత సులువుగా మింగదు. కాబట్టి ఆ పొరలో ఏ కణాలు ఎంత పాళ్లలో ఉన్నాయన్నది న్యూట్రినోల శక్తిని ప్రభావితం చేస్తుంది. 1987 ఫిబ్రవరి 23న మన పొరుగు నక్షత్ర మండలమైన పెద్ద మెగెల్లానిక్ మేఘంలోని సూపర్‌నోవా (పేలిన నక్షత్రం) నుంచి జపాన్‌లోని కమియోకాండే శోధకానికి 11, అమెరికాలోని ఐఎంబీ శోధకానికి 8 న్యూట్రినోలు చిక్కాయి. అవి ఆఖరుగా దాటి వచ్చింది ఇటువంటి పొరనే.