జీతం పరిమితి దాటినా చైల్డ్ బెనిఫిట్ ఫారం మాత్రం నింపండి

పోయిన నెలే ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చిందని, మీ వారి జీతం 82 వేల పౌండ్లని, ఆరేళ్ల బాబును, రెండేళ్ల పాపను చూసుకుంటూ మీరు ఇంట్లోనే ఉంటున్నారని రాశారు. పిల్లల కోసం ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ ఆ జీతానికి ఎలాగూ మొత్తం వెనక్కి కట్టాల్సిందే కాబట్టి అప్లై చేయడం దండగని మీవాళ్లంటున్నారు, నిజమేనా అని అడిగారు. నిజం కాదండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను, అప్పుడు మీకే తెలుస్తుంది.

మాకు 2021లో ఐఎల్ఆర్ వచ్చింది. అప్పటిదాకా వర్క్ వీసా మీద ఉన్నాం. కార్డు మీదే పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయాలు, వర్తించవని రాసి ఉండేది, కాబట్టి చైల్డ్ బెనిఫిట్ ఊసే ఎత్తలేదు. రాగానే నా పేరు మీద అప్లై చేశాను. మొదటిసారి డబ్బు పడిన రోజు బ్యాంకు మెసేజ్ రెండు మూడుసార్లు తెరిచి చూసుకున్నాను. మా చిన్నవాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. వాడి కోసం, ఇద్దరి నర్సరీ ఫీజులకూ నా జీతం చాలదని తేలినందుకూ నేను ఉద్యోగం మానేసి అప్పటికి మూడేళ్లు. ఆ మూడేళ్లలో నా అకౌంట్లోకి నా పేరు మీద వచ్చిన మొదటి డబ్బు అది. 2022లో నాలుగు వారాలకోసారి 145 పౌండ్లు వచ్చేవి. వేడినీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు పిల్లల బూట్లు, స్విమ్మింగ్ ఫీజు అందులోంచే కట్టేదాన్ని.

ఆ ఏడాదే మా ఆయనకు ప్రమోషన్ వచ్చింది. బోనస్‌తో కలిపి ఆదాయం 57 వేలయింది. అప్పట్లో పరిమితి 50 వేలు. ఆ పైన ప్రతి 100 పౌండ్లకూ వచ్చిన బెనిఫిట్‌లో ఒక శాతం పన్ను రూపంలో తిరిగి కట్టాలి, 60 వేలు చేరితే మొత్తం పోతుంది. 2013 జనవరిలో ఈ రూల్ వచ్చినప్పటి నుంచి 2024 దాకా ఆ 50 వేల అంకె కదల్లేదు. మాకు ఇదేమీ తెలియదు. 2023 డిసెంబరులో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో భోజనాల దగ్గర మాటల్లో బయటపడింది. ఇంటికొచ్చి పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని లెక్క వేశాం. 2022-23 ఆర్థిక సంవత్సరానికి తీసుకున్నది 1,885 పౌండ్లు, తిరిగి కట్టాల్సింది 1,319. అదంతా ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బు. ఇండియా టికెట్ల కోసం దాచిన దాంట్లోంచి తీసి జనవరి 31 లోపు కట్టేశాం. ఈ పన్ను కోసం రిజిస్టర్ చేసుకోవాల్సిన అక్టోబరు 5 గడువు అప్పటికే దాటిపోయింది, కానీ డబ్బు టైముకు కట్టినందుకు పెనాల్టీ పడలేదు. ఆ నెలన్నరా పడ్డ టెన్షన్ మీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే ఉంది. 2024 ఏప్రిల్ నుంచి పరిమితి 60 వేలకు పెంచారు, 80 వేలు చేరితే మొత్తం పోతుంది. కానీ చూసేది ఇంటి ఆదాయం కాదు, ఇద్దరిలో ఎక్కువ సంపాదించేవారి ఆదాయం ఒక్కటే. మాకు తెలిసిన ఒక ఇంట్లో భార్యాభర్తలు చెరో 58 వేలు తెచ్చుకుంటారు. ఇంటికి 1,16,000 వస్తుంది, చైల్డ్ బెనిఫిట్ పూర్తిగా వాళ్లదే. వాళ్లకు రావడం మీద నాకేం ఏడుపు లేదు, పిల్లల డబ్బు పిల్లలకు రావాలి. కానీ 82 వేలతో నలుగురు బతికే మీ ఇంటికి సున్నా. పైగా రెండు జీతాల ఇంట్లో పన్నులేని 12,570 ఇద్దరికీ విడివిడిగా ఉంటుంది. మీ ఇంట్లో మీ వాటా అలాగే మురిగిపోతుంది, ఎందుకంటే వాడుకోని మినహాయింపులో కొంత భర్తకో భార్యకో ఇచ్చే మ్యారేజ్ అలవెన్స్ కింద కూడా, 40 శాతం పన్ను కట్టే భర్తకు అది బదిలీ కాదు. ఇంటి మొత్తం ఆదాయం మీద లెక్క కడతామని 2024 మార్చి బడ్జెట్‌లో చెప్పినప్పుడు నిజంగా సంతోషించాను. ప్రభుత్వం మారాక అదే ఏడాది అక్టోబరు బడ్జెట్‌లో ఆ ఆలోచన విరమించుకున్నారు. పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉన్న మనిషిని లెక్కలోకే తీసుకోని పద్ధతి ఇది. తప్పు పద్ధతి.

సరే, మా కథకొస్తే, ఆ డిసెంబరులోనే ఆన్‌లైన్‌లో పేమెంట్లు ఆపించాం. ఆపించింది డబ్బును మాత్రమే, క్లెయిమ్‌ను కాదు. ఈ తేడా మీవాళ్లకు తెలిసినట్టు లేదు. అప్లై చేసేటప్పుడే డబ్బు వద్దని ఎంచుకునే వీలుంది. డబ్బు తీసుకోకపోతే వెనక్కి కట్టేదీ లేదు. కానీ క్లెయిమ్ ఉన్నంతకాలం, మీ చిన్న పాపకు 12 ఏళ్లు నిండేదాకా, మీ పేరు మీద నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ, పెన్షన్ కోసం జీతంలోంచి కట్టే చందా) క్రెడిట్లు పడుతూనే ఉంటాయి, అంటే కట్టకపోయినా కట్టినట్టే లెక్క. ప్రభుత్వమిచ్చే స్టేట్ పెన్షన్ పూర్తిగా రావాలంటే అలా లెక్కలోకొచ్చే ఏళ్లు 35 కావాలి, అసలు పెన్షన్ రావాలంటేనే కనీసం 10 ఏళ్లుండాలి. 2025-26లో పూర్తి పెన్షన్ వారానికి 230.25 పౌండ్లు. అంటే ఒక్కో ఏడాది క్రెడిట్ విలువ వారానికి ఆరున్నర పౌండ్ల పైనే, అదీ బతికున్నంత కాలం. మీ పాపకు ఇంకా పదేళ్లుంది. ఆ కనీస పదేళ్లు మీకు ఇక్కడే సమకూరవచ్చు. రేపు ఇండియా వెళ్లి స్థిరపడినా ఈ పెన్షన్ అక్కడికీ వస్తుంది, కాకపోతే అక్కడున్నవాళ్లకు ఏటా పెంచరు. పిల్లలకు పదహారేళ్లు దగ్గరపడేసరికి నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ కూడా దానంతటదే ఇంటికొస్తుంది.

డబ్బు సంగతి కూడా అప్పుడే వదిలేయకండి. పన్ను శాఖవాళ్లు చూసేది ఆఫర్ లెటర్‌లోని జీతం కాదు, పెన్షన్‌కు పోయినవి తీసేశాక మిగిలే ఆదాయం. మీ వారి పెన్షన్ శాలరీ శాక్రిఫైస్‌లో (జీతంలోంచి ముందే తగ్గించి పెన్షన్‌లో వేసే పద్ధతి) ఉంటే పీ60లో (ఏడాది జీతం, పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) అంకె ఇప్పటికే 80 వేల లోపు ఉండొచ్చు, ముందు అది తీసి చూడండి. ఒకవేళ పీ60లోనూ 82 వేలే ఉందనుకోండి. శాలరీ శాక్రిఫైస్ కింద అదనంగా ఏడాదికి 8 వేలు పెన్షన్‌లో పెడితే ఆదాయం 74 వేలకు దిగుతుంది. ఇప్పుడు ప్రతి 200 పౌండ్లకు ఒక శాతం కాబట్టి 70 శాతం పోయి 30 శాతం మీకు మిగులుతుంది. ఇద్దరు పిల్లలకు 2025-26 రేటు వారానికి 43.30, ఏడాదికి సుమారు 2,250. అందులో మీకు దక్కేది 675 దాకా. పన్ను, ఎన్ఐ కలిపి 42 శాతం ఎలాగూ ఆదా అవుతుంది కాబట్టి, ఆ 8 వేలకు చేతికొచ్చే డబ్బులో నిజంగా తగ్గేది 4 వేల లోపే. అద్దె, ఇంటి ఖర్చులు చూసుకుని ఎంత వీలైతే అంతే పెట్టండి. మేమైతే నెలకు 150తో మొదలుపెట్టాం. పరిమితి పెంచాక పేమెంట్లు మళ్లీ మొదలుపెట్టించుకున్నాం, ఇప్పుడు కొంత భాగం మిగులుతోంది. వెనక్కి కట్టాల్సింది జీతంలోంచే పట్టుకునే పద్ధతి 2025లో వచ్చింది కాబట్టి, దీనికోసమే సెల్ఫ్ అసెస్‌మెంట్ (మన పన్ను లెక్క మనమే దాఖలు చేయడం) చేయాల్సిన అవసరం కూడా లేదు.

వెనకటి తేదీ నుంచి ఇచ్చేది మూడు నెలలే. మీకు ఐఎల్ఆర్ వచ్చింది పోయిన నెలే కాబట్టి ఇప్పుడు చేస్తే ఒక్క వారం కూడా పోదు. ఇంకొక్క మాట. కాగితాల పనంతా మగవాళ్లే చూసుకునే ఇళ్లలో ఈ ఫారం కూడా వాళ్ల పేరు మీదే వెళ్లిపోతుంది. నాకు తెలిసిన ఒకావిడకు అలాగే జరిగింది. ఉద్యోగం చేస్తూ ఎన్ఐ కడుతున్న భర్త పేరు మీద క్రెడిట్లు పడ్డాయి, ఆయనకు వాటితో పనే లేదు. అవి తన పేరుకు మార్పించుకోవడానికి ఆవిడ మళ్లీ వేరే ఫారం పెట్టుకోవాల్సి వచ్చింది. లాగిన్ చేసేది మీ వారైనా సరే, క్లెయిమ్ చేసేవారి పేరు దగ్గర మీ పేరే రాయించండి.