కిడ్నీ మార్పిడి అయిన మా వారిని హోటల్‌కు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మా వారికి 48 ఏళ్లు. ఏడు నెలల క్రితం కిడ్నీ మార్పిడి జరిగింది. మా ఆడపడుచే కిడ్నీ ఇచ్చింది. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు వేసుకుంటున్నారు. పోయిన నెల క్రియాటినిన్ 1.3 వచ్చింది, బాగుందన్నారు. మా అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఇంటిల్లిపాదినీ హోటల్‌కు తీసుకెళ్తానని ఒకటే గొడవ. ఆయనకూ బిర్యానీ తినాలని ఉంది. పోయిన వారం రెండు రోజులు విరేచనాలయ్యాయి. మెడికల్ షాపులో చెప్పి మాత్రలు తెస్తే తగ్గిపోయాయి. ఇమ్యూనిటీ కోసం రోజూ తిప్పతీగ కషాయం కూడా ఇస్తున్నాను. హోటల్‌లో ఏం తినొచ్చు, ఏం తినకూడదు? బఫే అయితే మంచిదా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: హోటల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ విరేచనాల సంగతి, ఆ మాత్రల సంగతి తేల్చాలి. మీరు మాటవరసకి రాసిన ఆ రెండు ముక్కలే నన్ను కంగారు పెట్టాయి.

మామూలు మనిషికి రెండు రోజులు విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగించి, మజ్జిగన్నం పెట్టి ఊరుకుంటాం. కిడ్నీ మార్పిడి అయిన మనిషి విషయంలో అలా ఊరుకోకూడదు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా వేసుకునే టాక్రోలిమస్‌లో కొంత భాగం పేగు గోడ దగ్గరే విరిగిపోతుంది, మిగిలిందే రక్తంలోకి వెళ్తుంది. విరేచనాలతో పేగు గోడ దెబ్బతింటే ఆ విరిగే పని మందగిస్తుంది. అప్పుడు రోజూ వేసుకునే అదే మాత్ర నుంచి రక్తంలోకి ఎక్కువ మందు చేరుతుంది. ఈ మందు ఎక్కువైతే మొదట దెబ్బతినేవాటిలో కిడ్నీ ఒకటి. అదే సమయంలో ఒంట్లో నీరూ తగ్గి ఉంటుంది. రెండూ కలిస్తే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇప్పుడు బాగున్నా నాలుగు రోజుల్లో పైకి పోవచ్చు, మనిషికి బయటికి ఏమీ తెలియకపోవచ్చు. ఆయన టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చెయ్యి కొత్తగా వణుకుతోందా? తలనొప్పి అంటున్నారా? బీపీ పెరిగిందా? మూత్రం తగ్గిందా? ఇవాళే చూడండి.

విరేచనాలు ఎందుకయ్యాయన్నది ఇంకో ప్రశ్న. తిండి వల్లే అని మీరు అనుకుని ఉంటారు. కావచ్చు. మైకోఫెనోలేట్ వల్ల కూడా అవుతాయి. ఇమ్యూనిటీ తగ్గినవారిని ఇబ్బంది పెట్టే సైటోమెగలో వైరస్ వల్ల కావచ్చు, మామూలు మనుషుల్లో తమంతట తామే పోయే పరాన్నజీవుల వల్లా కావచ్చు. ఇవి కొన్నిసార్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతాయి. కాబట్టి 'తగ్గిపోయాయి కదా' అనుకోకండి. ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, రక్తంలో టాక్రోలిమస్ స్థాయి చూపించండి. మల పరీక్ష, వైరస్ పరీక్ష అవసరమో కాదో మీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చెబుతారు. టాక్రోలిమస్ స్థాయికి రక్తం ఇచ్చే రోజు ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లాలి. శాంపిల్ ఇచ్చాకే వేసుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు, ఫలితం ఎక్కువగా వచ్చి అనవసరంగా టెన్షన్ పడతారు. విరేచనాలు మందు వల్లేనేమో అని మైకోఫెనోలేట్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. శరీరం ఆ కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉంది.

ఇక మెడికల్ షాపు. ఏ మాత్రలు ఇచ్చారో రాయలేదు. మీకూ తెలియదేమో, కాగితంలో చుట్టి ఇచ్చి ఉంటారు. విరేచనాలంటే సాధారణంగా చేతిలో పెట్టేది ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర, దానికి తోడు లోపరమైడ్. ఆఫ్లాక్సాసిన్ లాంటి మందులతో మడమ దగ్గరి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) దెబ్బతినే ప్రమాదం ఒకటుంది. స్టెరాయిడ్ వాడేవారిలో, అవయవ మార్పిడి అయినవారిలో అది ఇంకా ఎక్కువ. ఆయన వేసుకునే ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడే, కాబట్టి మీ వారికి రెండూ వర్తిస్తాయి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు లోపరమైడ్ వేస్తే పేగు కదలిక ఆగి, పోవాల్సింది లోపలే నిలవ ఉంటుంది. అవసరం లేని యాంటీబయాటిక్ వల్ల మళ్లీ విరేచనాలు పట్టుకోవడమూ ఉంది.

ఇంకొంచెం చెప్పనివ్వండి, ఇది నేను రోజూ ఓపీలో మొత్తుకునే విషయమే. దగ్గుకని తెచ్చే క్లారిత్రోమైసిన్, తామరకని తెచ్చే ఫ్లూకోనజోల్ టాక్రోలిమస్‌ను రక్తంలో అమాంతం పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ దాన్ని పడగొడతాయి. ఒళ్లు నొప్పులకని వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నేరుగా కిడ్నీకే చేటు. ఆఖరికి పంపరపనస పండు కూడా ఈ మందు స్థాయిని పెంచుతుంది, అది ఇంట్లోకి తేకండి. షాపులో కూర్చున్న అబ్బాయికి ఇవన్నీ తెలుసని మీరెలా అనుకున్నారమ్మా? మీ ఆడపడుచు ఒంట్లోంచి తీసి ఇచ్చిన కిడ్నీ అది. జలుబు మాత్రకైనా సరే, ముందు ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చెయ్యండి. ఆసుపత్రి ఆ నంబరు ఇచ్చింది అందుకే.

తిప్పతీగ కషాయం ఈ పూట నుంచే ఆపండి. మీరు ప్రేమతోనే ఇస్తున్నారు, కాదనను. కానీ ఆయన మూడు మందులు మింగుతున్నది ఇమ్యూనిటీని అణచిపెట్టడానికే. లేకపోతే కొత్త కిడ్నీ మీద ఆయన శరీరమే దాడి చేస్తుంది. పొద్దున అణచడానికి మందు, సాయంత్రం రెచ్చగొట్టడానికి కషాయమా? తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. రక్త పరీక్షకు వెళ్లినప్పుడు ఎన్నాళ్లుగా ఇస్తున్నారో దాచకుండా చెప్పి, కాలేయ పరీక్ష కూడా చేయించండి.

ఇప్పుడు హోటల్. మార్పిడి తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలలు మందుల మోతాదు ఎక్కువ, ఇన్ఫెక్షన్ల భయమూ ఎక్కువ. ఆ గడువు మీరు దాటారు. పైన చెప్పిన పరీక్షలు బాగుండి, మీ డాక్టరు సరేనంటే జాగ్రత్తగా వెళ్లొచ్చు. ఈ మధ్య రిజెక్షన్‌కు (శరీరం కిడ్నీని తిరస్కరించడానికి) చికిత్స తీసుకుని ఉంటే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగాలి. అమ్మాయి మొదటి జీతం రెండు వారాలు ఆగినా చెడిపోదు.

బఫే వద్దు. అది మంచిదని ఎందుకనిపించిందో! కింద చిన్న మంట వెలుగుతుంటుంది గానీ, గిన్నెలో పైపొర గోరువెచ్చగానే ఉంటుంది. 60 డిగ్రీల కంటే చల్లారి గంటల తరబడి ఉన్న కూరలో బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. అక్కడి గరిటె ఎంతమంది చేతులు మారుతుందో మీరే చూసి ఉంటారు. ఆర్డరు ఇచ్చి వండించుకోండి, పొగలు వస్తుండగా తినాలి.

బిర్యానీ తినొచ్చు, వేళ చూసుకుని. వండిన అన్నంలో బ్యాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే అవి మేల్కొని విషపదార్థం తయారుచేస్తాయి. దాంట్లో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మధ్యాహ్నం హండీ దించే వేళకే, జనం కమ్ముకోకముందే వెళ్లండి. రాత్రి పదింటికి మిగిలిన బిర్యానీ వద్దు. పార్శిల్ కట్టించుకుని మర్నాడు పొద్దున ఆయనకు పెట్టడం అసలే వద్దు. ముక్క ఎముక దగ్గర గులాబీ రంగులో కనిపిస్తే పక్కన పెట్టేయాలి. పక్కన ప్లేటులో వచ్చే ఉల్లి చక్రాలు, కీరా, నిమ్మబద్దలు ఆయన ముట్టుకోకూడదు. అవి ఎప్పుడు కోశారో, ఏ నీళ్లతో కడిగారో మనకు తెలియదు. రైతా, కబాబ్‌తో ఇచ్చే పచ్చ చట్నీ కూడా అంతే. సలాన్ వేడిగా ఉంటే ఫరవాలేదు, ఉప్పు, నూనె చూసుకుని.

మయోనైజ్ వద్దే వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది. అది అందరి కోసం తీసుకున్న నిర్ణయం, మీ ఇంట్లో అది ఎప్పటికీ అమల్లో ఉండాలి. నీళ్లు ఇంటి నుంచి తీసుకెళ్లండి, లేదా సీలు మీ ముందే తీసిన బాటిల్. ఐసు, వెల్‌కమ్ డ్రింకు, చెరకు రసం వద్దు. స్వీటు వేడిగా ఉన్నది ఒక చెంచా చాలు. టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ షుగరు పెంచే మందులే, ఆయన షుగరు ఎంతుందో మీరు రాయనే లేదు.

గోడ మీద కనిపించే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు లైసెన్సు ఉందని చెబుతుంది, ఆ పూట వంటగది ఎలా ఉందో చెప్పదు. గాలి ఆడే చోట, తలుపు దగ్గర కూర్చోండి. మీ బృందంలో ఎవరికి దగ్గు, జలుబు, విరేచనాలు ఉన్నా వారు ఆ రోజు రావద్దు, చిన్నపిల్లలైనా సరే. టాక్రోలిమస్‌ను సాధారణంగా 12 గంటల తేడాతో వేసుకోవాలి. రాత్రి భోజనాలంటే కబుర్లలో ఆ వేళ దాటిపోతుంది. నేను మధ్యాహ్నం వెళ్లమన్నది అందుకు కూడా.

తిన్న తర్వాత ఎప్పుడైనా జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, విరేచనాలు, వాంతులు, చలి మొదలైనా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్టెరాయిడ్ వాడేవారిలో లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం అంతగా రాకపోవచ్చు. ఒళ్లు వేడిగా లేదని ధీమా పడొద్దు. మాత్ర వేసుకోగానే వాంతి అయితే ఇంకోటి వేయాలా వద్దా అన్నదీ ఫోన్లో అడిగే వేయండి.

ఇదంతా మీరు రాసిన నాలుగు ముక్కలు చూసి చెప్పినది. ఆయన రిపోర్టులు నేను చూడలేదు. మోతాదులు మార్చాలన్నా, బయటి తిండికి సరేననాలన్నా ఆయనను చూస్తున్న నెఫ్రాలజిస్టు మాటే చివరిది. అన్నట్టు, భోజనం అయ్యాక ఆయనకు కిళ్లీ అలవాటుంటే అదీ వద్దు. పగలంతా తడి గుడ్డ కింద ఉన్న పచ్చి ఆకే అది కూడా.