మూత్రంలో మంటకు మళ్లీ మళ్లీ అదే మాత్రా? ముందు కల్చర్ చేయించండి

ప్రశ్న: నా వయసు 38. ఆరు నెలల్లో మూడుసార్లు మూత్రంలో మంట వచ్చింది. మెడికల్ షాపులో ఓఫ్లాక్సాసిన్ తెచ్చుకుని రెండు మూడు రోజులు వేసుకుంటే తగ్గేది. ఈసారి నాలుగు రోజులైనా తగ్గలేదు. ఇంతకంటే బాగా పనిచేసే మాత్ర చెప్పగలరా? బార్లీ నీళ్లు తాగొచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బార్లీ నీళ్లు తాగండి, ఇబ్బంది లేదు. మాత్ర పేరు మాత్రం పరీక్ష లేకుండా చెప్పలేను.

ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా వల్లే వస్తాయి. ఓఫ్లాక్సాసిన్ మింగిన ప్రతిసారీ పేగుల్లో దానికి లొంగేవి చచ్చిపోతాయి, తట్టుకున్నవి పెరుగుతాయి. తర్వాత మూత్రనాళంలోకి చేరేవి అవే. మన దేశంలో ఈ.కోలై చాలావరకు ఈ రకం మందులకే కాదు, సెఫిక్సిమ్ అనే మరో యాంటీబయోటిక్‌కూ లొంగడం లేదు. మంట తగ్గగానే ఆపేసి, మిగిలిన స్ట్రిప్ దాచుకుని మళ్లీ వాడటం ఇకనైనా మానండి తల్లీ.

రేపు ఉదయమే యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష), సెన్సిటివిటీకి (అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) శాంపిల్ ఇవ్వండి. కొత్త యాంటీబయోటిక్ ఏదైనా ఆ తర్వాతే. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ డబ్బాలోనే పట్టాలి, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టండి. డబ్బా లోపలి అంచుకు వేలు తగలనివ్వకండి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండలో స్కూటీ డిక్కీలో ఉంచితే బ్యాక్టీరియా పెరిగిపోయి రిపోర్టు తప్పుగా వస్తుంది. వేసుకున్న మాత్రల సంగతి దాచొద్దు. వాటివల్ల ఒక్కోసారి కల్చర్‌లో ఏమీ పెరగదు.

రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అందులో ‘ఎస్’ (సెన్సిటివ్, అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుందని) కనిపించిన మందల్లా కొనేసుకోకండి. ఉదాహరణకు నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రాశయం వరకే పనిచేస్తుంది. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకితే అది చాలదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వరు. అది రాస్తే, మంటకని తాగే సిట్రేట్ సిరప్ గురించి డాక్టరుతో చెప్పండి. ఆ సిరప్ వల్ల మందు ప్రభావం తగ్గొచ్చు.

ఆరు నెలల్లో మూడుసార్లు అంటే షుగర్ టెస్టు కూడా చేయించాల్సిందే. రాళ్లున్నాయేమో స్కానింగ్ అవసరమా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టర్ నిర్ణయిస్తారు. గర్భం వచ్చే అవకాశముంటే ముందే చెప్పండి.

చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.