సిప్పర్ విసిరేస్తున్నాడా? ముందు పాల లెక్క చూడండి

డాక్టర్ సలహా | పిల్లల ఆరోగ్యం

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. మా బాబుకు 14 నెలలు. వాడికి ఐదో నెల రాగానే నేను ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. అప్పటి నుంచి పాలసీసాకు అలవాటు పడ్డాడు. పగలంతా మా అత్తగారు చూసుకుంటారు. ఏడాది నిండాక ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలు మొదలుపెట్టాం. రోజుకు ఐదు సీసాలు, ఒక్కోటి 240 మిల్లీలీటర్లు తాగుతాడు. రాత్రి సీసా నోట్లో ఉంటేనే నిద్రపోతాడు. అన్నం రెండు ముద్దలు తిని మూతి తిప్పేసుకుంటాడు. బీసెంట్ రోడ్డులో రెండు రకాల సిప్పర్లు కొన్నాం. రెండింటినీ కొరికి విసిరేశాడు. సీసా మాన్పిస్తే పిల్లాడు చిక్కిపోతాడని అత్తగారి భయం. ఏ కప్పు కొంటే తాగుతాడు? వచ్చే నెల గుంటూరులో మా ఆడపడుచు గారి గృహప్రవేశం ఉంది, నాలుగు రోజులు అక్కడే ఉంటాం. అది అయ్యేదాకా ఆగమంటారా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మూడో సిప్పర్ కొనకండి అమ్మా. ముందు మీరు రాసిన ఆ ఐదు సీసాల సంగతి చూద్దాం.

240 చొప్పున ఐదంటే రోజుకు 1,200 మిల్లీలీటర్లు. ఫుల్ క్రీమ్ పాలు లీటరుకు సుమారు 850 కేలరీలు ఇస్తాయి. అంటే మీ బాబు ఒక్క పాలతోనే రోజుకు వెయ్యి కేలరీలు పుచ్చుకుంటున్నాడు. ఆ వయసు పిల్లలకు రోజు మొత్తం మీద కావలసింది కూడా దాదాపు అంతే. ఇక అన్నానికి చోటెక్కడ? ఆ రెండు ముద్దలైనా తిన్నాడంటే మీ అత్తగారి ఓపికను మెచ్చుకోవాలి. ఆకలీ దాహమూ లేని బిడ్డ ముందు ఎంత ఖరీదైన కప్పు పెట్టినా అది వాడికి ఆటవస్తువే. కొరుకుతాడు, విసురుతాడు.

పాలు మంచివే, కాదనను. కానీ వాటిలో ఇనుము లేనట్టే లెక్క. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తు మిగతా తిండిలో ఉన్న ఇనుమును కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. పాలు మరీ ఎక్కువైతే కొందరు పసివాళ్లలో కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా పేగుల్లోంచి రక్తం కూడా పోతుంటుంది. బొద్దుగా, తెల్లగా ఉన్నాడని చుట్టాలంతా మురిసిపోయే పిల్లాడి కింది రెప్పను కాస్త లాగి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంటుంది. ఆ తెలుపు చాలాసార్లు మేనిఛాయ కాదు, రక్తం తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు అనేకం. పాలసీసా వాటిలో ఒకటి మాత్రమే, కాకపోతే ఇంట్లోనే సరిచేసుకోగలిగినది. మీ బాబుకు ఒకసారి హీమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. మీ వీధి ఆశా కార్యకర్తను అడగండి. పరీక్షలో రక్తం తక్కువని తేలితే మాత్రం ఆ మోతాదు చాలదు. బాబు బరువును బట్టి డాక్టరు వేరే మోతాదు రాస్తారు.

పాలూ పెరుగూ అన్నీ కలిపి రోజుకు అర లీటరు దాటనక్కర్లేదు. మీ పని ఈ అంకె దగ్గరకు రావడం. కప్పు దారిలో అదే అలవాటవుతుంది.

రాత్రి సీసా గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. నోట్లో నిలిచిన పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం తెల్లవార్లూ పళ్లను తింటూనే ఉంటుంది. కింది పళ్లకు నాలుక అడ్డం ఉంటుంది కాబట్టి ముందు పాడయ్యేవి పైవరుస ముందుపళ్లు. ఈరోజే బాబు పైపెదవి ఎత్తి చూడండి. చిగురును ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకు మొదలు. ఈ దశలోనే పళ్ల డాక్టరుకు చూపిస్తే ఆపవచ్చు. గోధుమరంగు తిరిగిందంటే ఆలస్యమైనట్టే. పాలపళ్లేగా, ఎలాగూ ఊడిపోయేవేగా అని వదిలేయకండి. వెనకవైపు పాలపళ్లు కొన్ని పది పన్నెండేళ్ల దాకా ఉండాల్సినవి. పడుకుని తాగేటప్పుడు పాలు చెవి గొట్టంలోకి చేరి చెవిపోటు రావడం ఇంకో బాధ. ఇక మన బెజవాడ ఎండల్లో సగం తాగి పక్కన పెట్టిన సీసాను గంట తర్వాత మళ్లీ నోటికి అందిస్తే విరేచనాలకు వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇప్పుడు మీరు కొన్న సిప్పర్ల సంగతి. నీళ్లు పోసి తలకిందులు చేయండి. ఒక్క చుక్కా కారలేదంటే లోపల వాల్వు ఉన్నట్టు. అలాంటి దాంట్లోంచి నీళ్లు రావాలంటే బిడ్డ పాలసీసా పీకను చీకినట్టే గట్టిగా చీకాలి. సోఫా తడవకూడదని పెద్దల కోసం చేసిన ఏర్పాటది. బిడ్డ నోటికి దాంతో కొత్తగా వచ్చే విద్య ఏమీ లేదు. ఆ వాల్వును విప్పి దాని అంచులు వేలితో తడిమి చూడండి, జిడ్డు తగులుతుంది. ఎంత కడిగినా పాలు ఇరుక్కునే చోటది. వాల్వు తీసేసి వాడితే సిప్పర్ కొన్నాళ్లకు పనికొస్తుంది. నన్నడిగితే సిప్పర్ మజిలీ లేకుండా నేరుగా గ్లాసుకు వెళ్లవచ్చు. ఆరు నెలలకు ఉగ్గు మొదలుపెట్టినప్పుడే గ్లాసుతో రెండు గుక్కల నీళ్లు పట్టడం మంచి పద్ధతి. ఏడాది నిండేసరికి సీసా తగ్గిస్తూ వచ్చి ఏడాదిన్నర లోపు పూర్తిగా ఆపాలి. మీకు ఇంకా వ్యవధి ఉంది.

పాలసీసా లేకుండా పిల్లలు పెరగరా అని మీ అత్తగారిని అడిగితే ఆమే నవ్వుతారు. బారసాలకు పుట్టింటివారు పెట్టే ఉగ్గుగిన్నె ఎందుకు? ముక్కున్న ఆ గిన్నెతోనే తరాల తరబడి పిల్లలకు ఉగ్గు పోశారు. నెలలు తక్కువగా పుట్టి, ఇంకా చీకలేని పసికందులకు ఆసుపత్రుల్లో మేము ఇప్పటికీ పాలు పట్టేది అలాంటి గిన్నెతోనే. పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే మన దేశంలో చట్టం చేశారన్న సంగతి కూడా ఆమెకు చెప్పండి.

మీ బాబుకు ఉగ్గుగిన్నె వయసు దాటింది. వాడి గుప్పిట్లో పట్టేంత చిన్న స్టీలు గ్లాసు చాలు. నేల మీద నిటారుగా కూర్చోబెట్టండి, ఒళ్లో పడుకోబెట్టి పట్టవద్దు. గ్లాసు అడుగున కాసిని పోస్తే అవి పెదవి దాకా రావడానికి బాగా వంచాలి, అప్పుడు ఒక్కసారిగా మీద పడి పొలమారుతుంది. చిన్న గ్లాసును నిండుకు కాస్త తక్కువగా నింపండి. అంచును కింది పెదవి మీద ఆనించి, నీళ్లు పైపెదవికి తగిలేదాకా వంచి ఆగండి. నోట్లో పోయకండి, వాడే లోపలికి తీసుకోవాలి. గుటక వేయగానే గ్లాసు వెనక్కి తీయండి. మొదటి రోజుల్లో సగం గడ్డం మీదుగా కారుతుంది. పాత తువ్వాలు మెడకు చుట్టి కారనివ్వండి. పలుచటి రాగిజావ, చిక్కటి మజ్జిగ నీళ్ల కన్నా నెమ్మదిగా జారుతాయి కాబట్టి నేర్చుకోవడానికి అవి తేలిక. మీరూ అలాంటి గ్లాసుతోనే ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగండి. ఈ వయసులో వాళ్లకు పక్కవాళ్ల గ్లాసు మీదే కన్ను.

గ్లాసు ముట్టకపోతే స్ట్రా ప్రయత్నించండి. పొట్టి స్ట్రాను మజ్జిగలో ముంచి, పైకొనను వేలితో మూసి తీస్తే లోపల కొంచెం నిలుస్తుంది. కింది కొనను బాబు పెదవుల మధ్య పెట్టి వేలు వదలండి. అలా కొన్నిసార్లు రుచి తగిలాక తనే పీల్చడం మొదలుపెడతాడు.

ఐదు సీసాలూ ఒక్కరోజే ఆపితే ఇంట్లో ఎవరూ నిలవలేరు. ముందు మధ్యాహ్నపు సీసా తీసేయండి. ఆ వేళకు వాడికి నిజంగా ఆకలి వేసి ఉంటుంది కాబట్టి ముందు పప్పన్నం, నెయ్యి, ఉడికించిన గుడ్డు పెట్టి, తర్వాత గ్లాసులో మజ్జిగ ఇవ్వండి. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నాలుగైదు రోజులు గడిచాక సాయంత్రపు సీసా, ఆ తర్వాత ఉదయానివి. పడుకునే ముందుది అన్నిటికన్నా చివర. దాన్ని మాత్రం మంచం మీద ఇవ్వకండి. వేరే గదిలో, దీపం వెలుగులో, గ్లాసుతో కొన్ని పాలు పట్టి, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోమి, అప్పుడు పడుకోబెట్టండి. జోకొట్టినా, జోలపాడినా, ఒళ్లు నిమిరినా సరే, నిద్రకూ పాలకూ ముడి తెగాలి. మరీ మొండికేస్తే రాత్రి సీసాలో రోజురోజుకూ పాలు తగ్గించి నీళ్లు పెంచుతూ వట్టి నీళ్లకు తీసుకురండి. ఈ ఉపాయం ఏడాది దాటిన వాళ్లకే. అంతకన్నా చిన్నపిల్లల పాలలో నీళ్లు ఎప్పుడూ కలపకూడదు. పాలు తాగించాలని పంచదార, రుచుల పొడులు కలపడమూ వద్దు, ఒకటి మాన్పించబోయి ఇంకోటి అలవాటు చేసినట్టవుతుంది.

మూడు నాలుగు రాత్రులు ఏడుస్తాడు. పాలు సగానికి పడిపోతాయి, అలా పడిపోవడమే మనకు కావాలి. అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. పగలు బిడ్డ పక్కన ఉండేది ఆమే కాబట్టి ఈ పనికి ఆమెనే పెద్దను చేయండి. ఇవాళ బరువు తూచి రాసి పెట్టి, నెల తర్వాత అదే తూకం మీద మళ్లీ తూచమనండి. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది. మీరు పగలు మాన్పించిన సీసాను తాతగారు సాయంత్రం జాలిపడి ఇస్తే అంతా మొదటికి వస్తుంది. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి.

కొన్ని లక్షణాలు ఉంటే ఇంట్లో ప్రయత్నాలు ఆపి పిల్లల డాక్టరుకు చూపించండి: ఏది తాగినా ప్రతిసారీ పొలమారడం, తాగాక గొంతులో గురగుర, పాలు ముక్కులోంచి రావడం, ముద్ద నమలలేకపోవడం, బరువు తగ్గడం. మూత్రం రోజుకు నాలుగుసార్ల కన్నా తక్కువై, నోరెండి, బిడ్డ మందకొడిగా ఉంటే అదే రోజు తీసుకెళ్లాలి. మట్టి, సుద్ద, గోడ సున్నం తింటున్నాడేమో కూడా గమనించండి. రక్తహీనత ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది.

గృహప్రవేశం దాకా ఆగనక్కర్లేదు. పగటి సీసాలు మాన్పించడం ఈ వారమే మొదలుపెడితే ప్రయాణం నాటికి రెండు మూడు పోతాయి. రాత్రి సీసాను మాత్రం గుంటూరు నుంచి తిరిగి వచ్చాకే ముట్టుకోండి. కొత్త ఇల్లు, చుట్టాల సందడి, అలవాటు లేని పడక, వీటి మధ్య అది సాగదు. ఆ నాలుగు రోజులూ రాత్రి సీసా ఇచ్చినా నిద్రపట్టగానే నోట్లోంచి తీసేసి, తడిబట్టతో పళ్లు తుడవండి. వెళ్లేటప్పుడు వాడి స్టీలు గ్లాసు సంచిలో పెట్టుకోవడం మరవకండి.