చెల్లి కనురెప్పల ఆపరేషన్: పెళ్లికి ముందు వద్దు

తమ్ముడూ, సిరిమాను సంబరం అయిన నెలకే చెల్లి పెళ్లి, ఈలోగా విజయనగరం నుంచి వెళ్లి రెప్పల మడత ఆపరేషన్ (పై రెప్ప మీద గీతలా మడత కనిపించేలా చేసేది) చేయించేయొచ్చా అని అడిగావు. వద్దమ్మా. కుట్లు వారంలో తీసేస్తారు, వాపు చాలావరకు రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. కానీ మడత అసలు రూపానికి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఒక కంటి మడత పైకి, ఇంకోటి కిందికి ఉన్నట్టు కనిపించొచ్చు.

నాకు అంతకంటే టెన్షన్ పెట్టింది నువ్వు రాసిన ఇంకో మాట: ఎడమ రెప్ప సాయంత్రానికి మరీ వాలిపోతోందని. అద్దంలో నేరుగా చూడమను. రెప్ప కనుపాప మీదకి దిగుతోందా? చూడటానికి నుదురు పైకి లాగుతోందా? అలాగైతే రెప్పను ఎత్తే కండరం బలహీనంగా ఉండొచ్చు, కండరాలు వాడేకొద్దీ నీరసించే మయస్తీనియా అనే జబ్బు కూడా కావచ్చు. దానికి మడత కుట్టిస్తే లాభం లేదు. బ్యూటీ క్లినిక్ మానేసి ఆక్యులోప్లాస్టీ, అంటే కనురెప్పల ఆపరేషన్లు చేసే కంటి డాక్టరుకి చూపించు. విశాఖ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో అడుగు. కళ్లు పొడిబారడం, థైరాయిడ్, వాడే మాత్రలు ఏవీ దాచొద్దు. రక్తం పలచబరిచే మాత్రలుంటే సొంతంగా ఆపొద్దు.

వస్తువులు రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఆ రోజే తీసుకెళ్లు.