నల్లా బిల్లు ఒక్కసారే మూడింతలైతే

అన్నా, మహబూబ్‌నగర్‌లో ఇద్దరే ఉండే ఇంటికి నల్లా బిల్లు మూడింతలు వచ్చిందన్నారు కదా. ముందు అందులో పాత బకాయి కలిపారేమో చూడండి. లేకపోతే బిల్లులోని రీడింగ్‌ను మీటర్‌తో పోల్చండి.

అదీ సరిపోతే లీకేజీని అనుమానించాలి. నీళ్లు వదిలిన టైంలోనే సంపు వాల్వ్, నల్లాలన్నీ కట్టేసి మీటర్ చూడండి. అయినా తిరుగుతుంటే మధ్యలో పైపు కారుతున్నట్టే. తిరగకపోతే నా అనుమానం సంపు నిండగానే నీళ్లు ఆపాల్సిన బాల్ వాల్వ్ మీద, ఫ్లష్ ట్యాంక్ మీద. నిమిషానికి లీటరు కారినా నెలకు 43 వేల లీటర్లు! ఫ్లష్ ట్యాంక్‌లో కాస్త రంగు కలిపి అరగంట వదిలేయండి, కమోడ్‌లో రంగు కనిపిస్తే వాషర్ పోయినట్టు.

ఏ లీకూ దొరకకపోతే మీటర్ ఫొటో జతచేసి మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, నోటిమాటతో సరిపెట్టకుండా. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.