గోదాంలో సిజర్ లిఫ్ట్ నడపడానికి ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్ చాలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మేడ్చల్ వైపు గోదాంలో మెయింటెనెన్స్ పని చేస్తున్నారు. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు, దానికి సర్టిఫికెట్ కూడా ఉంది. ఇప్పుడు కంపెనీ వాళ్లు సిజర్ లిఫ్ట్ ఒకటి, అంటే కత్తెరలా విచ్చుకునే ఇనుప చేతుల మీద మనిషి నిలబడే ప్లాట్‌ఫాం పైకి లేచే మెషిన్, అద్దెకు తెచ్చి, "రెండూ ఒకటే కదా, ఎక్కి లైట్లు మార్చెయ్" అంటున్నారు. వేరే ట్రైనింగ్ కావాలా, పైన బెల్టు కట్టుకోవాలా అని అడిగారు.

చాలదండీ. ఫోర్క్‌లిఫ్ట్ మీద మీరు కింద కూర్చుంటారు, సరుకు పైకి వెళ్తుంది. ఇక్కడ పైకి వెళ్లేది మీరే. నేర్చుకోవాల్సిన జాగ్రత్తలు దాదాపు అన్నీ వేరు.

నేను షార్జాలో ఆరేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశాను. మాది జగిత్యాల దగ్గర ఊరు, మా వైపు గల్ఫ్ వెళ్లడం కొత్తేమీ కాదు. మొదటి ఏడాది సిజర్ లిఫ్ట్ నడపడానికి నాకు ఏ ట్రైనింగ్ కార్డూ లేదు. ఫోర్‌మన్ అయిదు నిమిషాలు చూపించాడు: ఈ మీట ఇటు తోస్తే పైకి, అటు తోస్తే కిందికి. అంతే, ఆపరేటర్‌ని అయిపోయాను.

ఆగస్టు నెల. రేకుల షెడ్డు కింద, ఏడు మీటర్ల ఎత్తున కేబుల్ ట్రే బిగిస్తున్నాను. ప్లాట్‌ఫాం మీది కంట్రోల్ బాక్స్‌కు ఉండే వైరు ట్రే బ్రాకెట్‌కు తగులుకుంది. నేను చూసుకోకుండా ఇంకాస్త పైకి లేపాను, వైరు తెగింది. మీట ఎటు తోసినా కదలిక లేదు. కింద హెల్పర్ ఉన్నాడు, బిహార్ కుర్రాడు, పనిలో చేరి రెండో రోజు. అతనికి మెషిన్ గురించి ఏమీ తెలీదు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. కింద చట్రం మీద ఉన్న తాళంచెవిని ఇంకో వైపుకు తిప్పి, అక్కడి బటన్ నొక్కితే నేను దిగిపోయేవాణ్ని. నిమిషం పని. దానికి ముప్పావు గంట పట్టింది. అతను ఫోర్‌మన్ కోసం ఎండలో సైటంతా పరుగెత్తాడు. పైన రేకుల వేడికి నాకు కళ్లు తిరగడం మొదలైంది. ఆ కత్తెర ఇనుప చేతుల మీదుగా నిచ్చెనలా దిగిపోదామనిపించి, ఒక కాలు రెయిలింగ్ అవతల వేశాను కూడా. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి పైకి చూడకుండా కింద బటన్ నొక్కాడు. ప్లాట్‌ఫాం ఒక్క కుదుపుతో కదిలింది. కాలు వెనక్కి లాక్కున్నాను. ఇంకో అర నిమిషం ఆగి నొక్కి ఉంటే నా కాళ్లు ఆ ముడుచుకునే చేతుల మధ్య ఉండేవి.

ఆ తర్వాత కొన్నాళ్లకు క్లయింట్ తరఫు సేఫ్టీ ఆఫీసర్ కార్డు లేనివాళ్లను ఎక్కనివ్వనన్నాడు. అప్పుడు కంపెనీ నన్ను ఐపాఫ్ కోర్సుకు పంపింది. అంటే ఇంటర్నేషనల్ పవర్డ్ యాక్సెస్ ఫెడరేషన్, బ్రిటన్‌లో ఉన్న సంస్థ. వాళ్లిచ్చే దాన్ని పాల్ కార్డు అంటారు. అయిదేళ్లు చెల్లుతుంది, ఇప్పుడు ఫోన్‌లోనే డిజిటల్‌గా వస్తుంది. పొద్దున క్లాసు, రాత పరీక్ష, తర్వాత మెషిన్ మీద ప్రాక్టికల్. మా బ్యాచ్‌కు హిందీలో చెప్పారు. ట్రైనర్ మమ్మల్ని ఎక్కించక ముందు చేయించిన మొదటి పని ఏమిటో తెలుసా? కిందనుంచి దించడం. బ్యాటరీ ఉన్నప్పుడు తాళంచెవీ బటనూ, బ్యాటరీ చచ్చిపోతే చేత్తో లాగే ఎమర్జెన్సీ లోయరింగ్. ఒక్కొక్కరితో చేయించాడు. నాకు షెడ్డు గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ కార్డు మీద రకాలు ఉంటాయి, అది చూసుకోండి. సిజర్ లిఫ్ట్‌లాగా నిట్టనిలువుగా లేచి, తనంతట తాను నడిచేవి 3ఏ. చేయి చాపే బూమ్ లిఫ్ట్‌లు, గల్ఫ్‌లో మనవాళ్లు మ్యాన్‌లిఫ్ట్ అనేవి, 3బీ. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది నడపకూడదు. కార్డు ఉన్నా, కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా దాని స్విచ్‌లు, ఎమర్జెన్సీ లోయరింగ్ ఎక్కడున్నాయో చూపించుకోవాలి. ఒకదానికి వెనక ఉంటుంది, ఇంకోదానికి పక్కన. అద్దెకిచ్చినవాళ్లు మెషిన్ దించేసి చలాన్ మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. వెళ్లనివ్వకండి, చేసి చూపించమనండి. మాన్యువల్ ప్లాట్‌ఫాం మీది డబ్బాలో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

మీ మేనేజర్ "మెషిన్‌కు సర్టిఫికెట్ ఉంది" అనే అవకాశం ఉంది. ఎత్తే యంత్రాలను కాంపిటెంట్ పర్సన్‌తో, అంటే వాటిని పరీక్షించే అర్హత ఉన్న మనిషితో, గడువు ప్రకారం పరీక్ష చేయించడం మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్నదే. ఆ కాగితం మెషిన్‌ది, మీది కాదు. రెండూ కావాలి.

ఊరికొచ్చాక ఒక ట్రైనింగ్ సెంటర్‌వాళ్లు గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లను పంపమని నన్ను అడిగారు. ఫోటో, ఆధార్, డబ్బులు ఇస్తే సాయంత్రానికి ఆపరేటర్ సర్టిఫికెట్. మెషిన్ ఎక్కడ అని అడిగితే వీడియో చూపిస్తామన్నారు. అలాంటి కాగితం తెచ్చుకోవడం కంటే ఏదీ లేకపోవడమే నయం, కనీసం మీకు రాదని అందరికీ తెలుస్తుంది.

గోదాం కాబట్టి కొన్ని సంగతులు చెప్తాను. చిన్న సిజర్ లిఫ్టే ఒకటిన్నర టన్ను వరకు తూగుతుంది. ప్లాట్‌ఫాం లేవగానే చక్రాల మధ్య ఇనుప పట్టీలు కిందికి దిగుతాయి, గుంతలో చక్రం పడినా మెషిన్ ఒరగకుండా. వాటి కింద చెక్కముక్కో స్ట్రాపింగ్ పట్టీయో ఇరుక్కుంటే పూర్తిగా దిగవు. నేల ఊడ్చి మొదలుపెట్టండి. డ్రైనేజీ మూతలు, లారీల దగ్గరి డాక్ ప్లేట్లు, ర్యాంపు వాలు, వీటి మీద నిలబెట్టి లేపొద్దు. వాలు ఎక్కువైతే అలారం మోగుతుంది. మోగితే దించి చోటు మార్చాలి. అలారం వైరు పీకేసేవాళ్లను నేను చూశాను.

పైన ఎంత బరువు ఎక్కించొచ్చో మెషిన్‌కు ఉన్న ప్లేటు మీద రాసి ఉంటుంది. చాలా చిన్న మోడళ్లకు ఇద్దరు మనుషులు, సుమారు 230 కిలోలు. ఇద్దరూ కాస్త పుష్టిగా ఉండి, టూల్ బాక్సూ, ఒక పెట్టె ఫిట్టింగులూ ఎక్కిస్తే లెక్క దాటిపోతుంది. ముందుకు జరిపే పొడిగింపు డెక్ మోసే బరువు ఇంకా తక్కువ. గాలి సంగతి కూడా అదే ప్లేటు మీద చూడండి. లోపల మాత్రమే వాడే మోడళ్లకు గాలి సున్నా అని ఉంటుంది. బయట వాడేవాటికి మామూలుగా సెకనుకు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. సున్నా అని ఉన్నదాన్ని బోర్డు తుడవడానికని గేటు బయటికి తీసుకెళ్లొద్దు.

ఎత్తేముందు పైకి చూడండి. ప్రాక్టికల్‌లో నాకు మార్కులు పోయింది ఇక్కడే, చక్రాలు చూసుకుంటూ మీట తోశాను. దూలానికీ రెయిలింగ్‌కీ మధ్య మనిషి నలిగిపోయేది ఇలాగే.

బెల్టు గురించి: సిజర్ లిఫ్ట్‌లో మిమ్మల్ని కాపాడేది చుట్టూ ఉన్న రెయిలింగ్. గేటు మూసి, రెండు కాళ్లూ ప్లాట్‌ఫాం మీదే ఆని ఉంటే చాలావరకు అదే సరిపోతుంది. మాన్యువల్లోనో, మీ సైటు నిబంధనల్లోనో ఉంటే బెల్టు కట్టుకోండి, కానీ కొక్కెం ప్లాట్‌ఫాం మీద దానికని పెట్టిన రింగుకే తగిలించాలి. ర్యాక్‌కో పైకప్పు ట్రస్‌కో తగిలిస్తే, ప్లాట్‌ఫాం దిగినప్పుడు మీరు అక్కడే వేలాడతారు. అందలేదని రెయిలింగ్ మీద నిలబడటం, లోపల స్టూలు వేసుకోవడం వద్దు. బూమ్ లిఫ్ట్ అయితే మాత్రం బెల్టు తప్పదు, అదీ పొట్టి తాడుతో. చక్రం గతుక్కుమంటే చివరనున్న మనిషిని విసిరేస్తుంది.

ఇప్పుడు నేను పనిచేసే చోట రోజూ మొదటిసారి మనిషి ఎత్తు వరకే లేస్తాను. మీట వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడతాను. హెల్పర్ కిందనుంచి నన్ను దించాలి. దించగలిగితేనే ఆ రోజు పని మొదలవుతుంది. "అన్నా, నిన్న కూడా దించిన గదా" అని గొణుగుతాడు, అయినా దించుతాడు.